కలుపు కాదు, కూర: పుప్పాలగూడ వంటింటి చరిత్ర మీద కొన్ని మాటలు

పుప్పాలగూడలో ఇవాళ ముప్పై అంతస్తుల ఇండ్లున్నాయి. ఆ ఇండ్లల్ల 'ఆరోగ్యకరమైన కూర' పెద్ద చర్చ. నూనె తగ్గించాలె, ఆకుకూర పెంచాలె, బియ్యం బదులు జొన్నరొట్టె తినాలె, రుచి పోకుండా వండుకోవాలె అని డాక్టర్లు చెప్తున్నారు, పత్రికలు రాస్తున్నాయి, దుకాణాలు అమ్ముతున్నాయి. ఇదంతా కొత్తగా కనిపెట్టిన సంగతిలాగా వినబడుతుంది. మేము అడిగేది ఒక్కటే. చారెడు నూనె కూడా లేకుండా ఆకు ఉడకబెట్టి, ఎల్లిగడ్డ కారం కలిపి, జొన్నరొట్టెతో తిన్నది ఈ నేల మీద ఎవరు? వాళ్ల వంటకు చరిత్ర ఎందుకు లేకుండా పోయింది?

తెలుగులో తిండి గురించి రాత తక్కువేమీ కాదు. కావ్యాల్లో విందులున్నాయి. మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' వంటి పుస్తకాలు ఎన్నోసార్లు అచ్చయినాయి. పోషకాహార శాస్త్రం పట్టికలున్నాయి. మార్కెట్ ధరల లెక్కలున్నాయి. కావ్యం తిన్నవాణ్ణి రాసింది. పట్టిక ఆకులోని ఇనుమును రాసింది. మార్కెట్ కట్ట ధరను రాసింది. ఆకును గుర్తుపట్టి, గిల్లి, ఒడిలో వేసుకొచ్చి వండిన మనిషిని మాత్రం ఎవరూ రాయలేదు. ఆ మనిషి ఎక్కువసార్లు మాదిగ స్త్రీ, మాల స్త్రీ, కూలికి పోయిన బహుజన స్త్రీ. ఆ లోటు ఎట్లా ఏర్పడిందో, దాని వల్ల ఇవాళ నష్టపోతున్నదెవరో చెప్పడమే ఈ వ్యాసం పని.

కావ్యంలో తిన్నోళ్లు

పదహారో శతాబ్దంలో కృష్ణదేవరాయలు రాసిన 'ఆముక్తమాల్యద'లో వానకాలం వర్ణన ఒకటుంది. ముసురు పట్టిన రోజుల్లో కాపులు ఏం తిన్నారో అందులో వివరంగా ఉంది. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకు, చింతచిగురు కలిపి నూనెతో పొరటిన కూర. పక్కన ఆరికల అన్నం. ఇవేవీ తోటలో పెంచిన కూరలు కావు. వాన పడంగనే చేన్లలో, గట్ల మీద తమంతట తామే మొలిచేవి. ఐదు వందల ఏండ్ల కింద రాజు రాసిన ఆ పేర్లనే మన ఇండ్లల్ల ముసలోళ్లు ఇప్పటికీ పలుకుతారు. గురుగంటే మన గునుగే. తగిరిసంటే తంటెం.

సురవరం ప్రతాపరెడ్డి 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యాల నుంచి తిండితిప్పల వివరాలు ఏరి కూర్చారు. రాజుల యుద్ధాలే చరిత్ర అనుకునే కాలంలో అది పెద్ద మలుపు. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. ఆ కృషిని మేము తక్కువ చేయడం లేదు. అయితే కావ్యాన్ని ఆధారంగా తీసుకుంటే కావ్యానికున్న చూపు కూడా వెంట వస్తుంది. వర్ణనలో కుంపటి దగ్గర కూచున్న కాపు కనబడతాడు. వానలో తడుసుకుంటా ఆ ఆకు తెంపిన చెయ్యి కనబడదు. తుమ్మికూర ఏ చేన్లో ఎప్పుడు లేతగా ఉంటుందో కాపుకు ఎవరు చెప్పిండ్రు? కావ్యం ఆ ప్రశ్న అడగదు. సాంఘిక చరిత్రయినా అడగాల్సింది.

ఇంకో సంగతి. గునుగు పువ్వును బతుకమ్మలో పేరుస్తారు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. అదే గునుగు, పూత పట్టకముందు, చేన్లో ఉన్నప్పుడు కలుపు. పువ్వుకు గౌరవం వచ్చింది, ఆకుకు రాలేదు. ఆ ఆకు తిన్నోళ్లను బతుకమ్మ ఆటలో పక్కకు నిలబెట్టిన సంగతి దళిత రచయిత్రులు చాలాసార్లు రాశారు. మొక్క ఒక్కటే. దాని చుట్టూ నిలబడ్డ మనుషుల కులాన్ని బట్టి దాని విలువ మారింది.

కలుపు ఎవరి మాట?

'కలుపు' అనేది భూమి ఉన్నవాడి మాట. ఆయనకు చేన్లో జొన్న ఒక్కటే పంట, మిగిలినదంతా పీకేయాల్సింది. ఆ పీకే పని కూలి ఆడోళ్లది. నడుం వంచి సాలు వెంట పోతా ఉంటే వాళ్ల చేతికి రెండు రకాల మొక్కలు తగుల్తాయి. ఒకటి గట్టు మీద పారేసేది, ఒకటి ఒడిలో వేసుకునేది. ఈ తేడా తెలియడమే విజ్ఞానం. లేత చెంచలికీ ముదిరిన చెంచలికీ, తినే ఆకుకూ దాని పోలికతోనే ఉండి కడుపు నొప్పి తెచ్చే ఆకుకూ తేడా పట్టాలె. పొన్నగంటి నీటి ఒడ్డున దొరుకుతుంది. గంగవాయిలి, అంటే కోస్తావాళ్ల పాయలకూర, తడి నేల మీద పాకుతుంది. తుమ్మి, గునుగు మెట్ట చేన్లలో వస్తాయి. ఏ నెలలో ఏది, ఏ నేలలో ఏది, బాలింతకు ఏది పెట్టాలె, జరమొచ్చినోళ్లకు ఏది పెట్టొద్దు అనేదంతా కలుపు తీసే సాళ్లలోనే తల్లి బిడ్డకు చెప్పింది. బడి లేదు, పుస్తకం లేదు, పరీక్ష లేదు. పరీక్ష ఉంటే అది ఆ రాత్రి కుండలోనే.

కంచ ఐలయ్య 1996లో ఇంగ్లీషులో వచ్చిన 'నేను హిందువు నెట్లయిత?'లో ఉత్పత్తి కులాల పని తనంతట తాను ఒక విజ్ఞానం అని వాదించారు. తోలు ఊనడం, కుండ చెయ్యడం, పశువు కాయడం విజ్ఞానమైతే, కలుపులో కూరను గుర్తించడం కూడా విజ్ఞానమే. కాకపోతే అది పూర్తిగా ఆడోళ్ల చేతిలో ఉండటం వల్ల దళిత చరిత్ర రచనలో కూడా దానికి దక్కాల్సిన జాగా దక్కలేదు.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలె. ఈ తిండిని స్వర్గంగా చిత్రించడం మాకు ఇష్టం లేదు. ఆకు ఏరుకొచ్చింది ఆకలి వల్ల. కూలి గింజలు సరిపోకపోవడం వల్ల. చేను దొరదే, ఒడిలో వేసుకున్న ఆకు మీద కూడా దొర కన్ను ఉండేది. 1960లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకాంతయ్య జొన్న తినే పేదల్లో కనిపించే పెల్లాగ్రా వ్యాధి గురించి రాశారు. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొక్కులు లేవడం, విరేచనాలు, మతి చలించడం ఆ జబ్బు లక్షణాలు. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువ ఉండటం దానికి కారణం అని వాళ్లు ప్రతిపాదించారు. దాని మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి. కానీ జొన్న తప్ప ఇంకోటి కొనలేని పేదలకే అది వచ్చిందన్న దాంట్లో వాదం లేదు. జొన్నరొట్టె, ఆకుకూర ఆరోగ్యమే. పక్కన పప్పు, పాలు, మాంసం, గుడ్డు కూడా దొరికితేనే అది ఆరోగ్యం. ఒక్క జొన్న మీదనే బతకాల్సి వస్తే అది జబ్బు. పైఅంతస్తులో ఇష్టపడి తినే జొన్నరొట్టెకూ, వేరే దారి లేక తిన్న జొన్నరొట్టెకూ మధ్య ఉన్న ఈ తేడాను చరిత్ర మరిచిపోకూడదు.

మహద్‌లో 1927 మార్చిలో అంబేద్కర్ చచ్చిన పశువు మాంసం మానుకోండి, ఎంగిలి కూడు అడుక్కోవడం మానుకోండి అని చెప్పారు. ఆ మాటను తెలంగాణ పల్లె నుంచి చదివితే మాకు ఒకటి తోస్తుంది. చెయ్యి చాపకుండా తెచ్చుకున్న తిండి ఏదన్నా దళితవాడలో ఉంటే అది ఈ ఏరిన ఆకే. దొర ఇంటి ముందు నిలబడి అడిగింది కాదు. తన తెలివితో, తన చేతితో తెచ్చుకున్నది.

వండే తీరు

ఇగ వంట సంగతి. ఆకు ఏరిన తర్వాత మూడు నాలుగు నీళ్లల్ల కడుగుతారు, ఎందుకంటే అది మట్టిని అంటుకొని పెరిగింది. లేత కాడ పారెయ్యరు. గంగవాయిలిని కందిపప్పులో గానీ పెసరపప్పులో గానీ వేసి, పచ్చిమిరపకాయ, కొంచెం చింతపండు చేర్చి ఉడకబెడతారు. ఆ ఆకులో ఉన్న జిగురు, పులుపు పప్పుకు పట్టి నూనె అవసరం తగ్గుతుంది. తుమ్మి చేదు. దానిని మొదట ఉడికించి నీళ్లు పిండి, ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయ దంచి వేసి పొరటుతారు. చేదును చంపడానికి చింతచిగురు కలుపుతారు. పొన్నగంటిని ఉల్లిగడ్డతో పొడికూర చేస్తారు. పుంటికూర, అంటే గోంగూర, పులుపు ఎక్కువ కాబట్టి దానికి కారం ఎక్కువ పడుతుంది. చివరన నువ్వుల పొడో పల్లీల పొడో చల్లుతారు. నూనె కొనలేని ఇంట్లో కూరకు కొవ్వు ఆ పొడి నుంచే వచ్చింది.

ఈ తీరులో ఉన్న తర్కాన్ని శాస్త్రం తర్వాత వివరించింది. ఆకులో పచ్చదనం కింద దాగి ఉన్న కెరోటిన్ ఒంట్లో విటమిన్ 'ఎ'గా మారాలంటే కొంచెం కొవ్వు తోడు కావాలె. నువ్వుల పొడి ఆ పని చేస్తుంది. ఆకులోని ఇనుము ఒంటికి పట్టడం కష్టం. విటమిన్ 'సి' ఉన్న తిండి తోడైతే పట్టు పెరుగుతుంది. మాంసం కొద్దిగా కలిసినా పట్టు పెరుగుతుంది. పుంటికూరలో ఎండు తునకలు వేసి వండటం మాదిగ ఇండ్లల్ల పాత అలవాటు. పిడికెడు ఎండు మాంసం కుండెడు ఆకుకు రుచి ఇచ్చింది, ఆకులోని ఇనుమును ఒంటికి చేర్చడంలో సాయపడింది. దాన్ని 'నీచు' అన్నోళ్లకు ఈ సంగతి తెలియదు. గంగవాయిలిలో ఒమేగా-3 కొవ్వు ఉందని 1986లో అమెరికా శాస్త్రవేత్తలు రాసిన తర్వాత అది 'సూపర్ ఫుడ్' అయింది. అంతకుముందు అది కలుపే.

ఇక్కడే ఒక రాజకీయం ఉంది. కూరగాయ తిండి అంటే శాకాహారం అని, శాకాహారం అంటే శుద్ధి అని, శుద్ధి అంటే అగ్రకులం అని ఒక లంకె బిగించారు. దళిత వంటింట్లో ఆ లంకె లేదు. అక్కడ ఆకు, తునక, ఎండుచేప, పప్పు ఒకే కుండలో ఉడికాయి. ఈ దేశంలో అందరికన్నా ఎక్కువ రకాల ఆకుకూరలు తెలిసినోళ్లు మాంసం తినేటోళ్లే. కాబట్టి ఆకుకూర గొప్పదనం చెప్పి గొడ్డుమాంసాన్ని తిట్టేవాళ్లకు మన చరిత్ర సాక్ష్యం చెప్పదు. ఒకప్పటి హైదరాబాదు రాజ్యంలో భాగమైన మరాఠ్వాడా నుంచి షాహూ పటోలే 2015లో మరాఠీలో తమ కులాల వంటల మీద పుస్తకం తెచ్చారు. 2024లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. అందులో మాంసం వంటలూ ఉన్నాయి, ఆకుకూరలూ ఉన్నాయి. నూనె, మసాలా దొరకని చోట రుచి ఎట్లా పుట్టిందో ఉంది. అట్లాంటి పుస్తకం తెలంగాణ మాల మాదిగ వంటింటి నుంచి రావాల్సి ఉంది.

పట్టికలో లేని ఆకు

జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. 2017లో అది భారతీయ ఆహారాల పట్టికను కొత్తగా వెలువరించింది. 528 రకాల తిండి పదార్థాలను పరీక్షించి లెక్కలు ఇచ్చింది. గోగు, పొన్నగంటి, చుక్క, చింతచిగురు అందులో ఉన్నాయి. తుమ్మి, గునుగు, చెంచలి లేవు. కారణం కుట్ర కాదు. నమూనాలు మార్కెట్ల నుంచి తెచ్చారు. మార్కెట్‌కు రానిది పట్టికకు రాదు. అమ్ముడుపోయేదే తిండి అనే లెక్కలో ఏరుకునేది తిండి కాకుండా పోయింది. 1999 జనవరిలో మొదలైన రైతు బజార్లలో కూడా కూర్చునేది పండించిన కూర. ఏరిన కూర చాలావరకు గంపలో, రోడ్డు పక్కన, పోలీసు లేపేదాకా.

పుప్పాలగూడ నేల

ఆకు మొలవాలంటే నేల ఉండాలె. పుప్పాలగూడ, మణికొండ, నార్సింగి, కోకాపేట, నానక్‌రాంగూడ, ఈ పడమటి దిక్కు ఊర్లన్నిటిదీ ఒకటే రూపు. రాతిగుట్టలు, వాటి మధ్య మెట్ట చేన్లు, కుంటల కింద కొద్దిపాటి మడులు. పుప్పాలగూడ రంగారెడ్డి జిల్లా రాజేంద్రనగర్ మండలంలో ఉండేది. 2016లో గండిపేట మండలానికి మారింది. 2018లో మణికొండ మునిసిపాలిటీలో కలిసింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ పుట్టింది. 2008లో ఔటర్ రింగ్ రోడ్డు గచ్చిబౌలి - శంషాబాద్ ముక్క తెరుచుకుంది. పదేండ్లలో చేను ప్లాటైంది, గట్టు గోడైంది, కుంట ఒడ్డు రోడ్డైంది.

ఈ మార్పులో దళితుల భూమి ఏమైంది? ప్రభుత్వం అసైన్ చేసిన భూములు అమ్మరాదు, కొనరాదు అని 1977 చట్టం చెప్తుంది. చట్టం ఉన్నా, నగరం చుట్టూ అట్లాంటి భూములు తక్కువ ధరకు చేతులు మారినాయి, లేకుంటే 'ప్రజా ప్రయోజనం' పేరుతో సర్కారు వెనక్కి తీసుకుంది. అట్లా తీసుకుంటే అసైనీలకు పట్టాదార్లతో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ కేసు రంగారెడ్డి జిల్లా చేవెళ్ల డివిజను నుంచే వచ్చింది. ఇక 2023 ఆగస్టులో పుప్పాలగూడ పక్కనే కోకాపేటలో సర్కారు భూముల వేలంలో ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ ఎకరం మీద ఒకప్పుడు ఏ ఆకు మొలిచిందో వేలం కాగితంలో ఉండదు. ఆ ఆకు మీద ఆధారపడ్డ కుండల లెక్క ఏ నష్టపరిహారంలోనూ ఉండదు. భూమి పోయినోళ్లకు ఎంతో కొంత దక్కింది. భూమే లేకుండా ఆ భూమి మీద ఏరుకొని బతికినోళ్లకు దక్కింది ఏమీ లేదు. ఏరుకోవడం హక్కు అని ఏ చట్టమూ రాయలేదు.

వంటింటి గడప

చేను పోయిన తర్వాత ఆ చేతులు ఎక్కడికి పోయినాయి? చాలావరకు అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమడానికి, ఇల్లు ఊడ్వడానికి, కొన్ని వంటకు. ఊరి ఆడోళ్లే కాదు, పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా నుంచి వలస వచ్చినోళ్లు కూడా ఆ లిఫ్టుల్లో ఎక్కుతున్నారు. అంట్లు తోమడానికి అడగని కులం వంటకు అడుగుతారు. నేరుగా కాకపోతే ఇంటిపేరు అడిగి, ఊర్లో ఏ వాడ అని అడిగి, మాంసం తింటరా అని అడిగి తెలుసుకుంటారు.

ఇది ఫ్లాట్లకే పరిమితమైన జబ్బు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్ ఐదు రాష్ట్రాల్లో 531 ఊర్లలో చేసిన సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దళిత స్త్రీ వండుతుందంటే అగ్రకులాల తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పడం ఆ సర్వేలో బయటపడింది. 2005లో సుఖదేవ్ థోరాట్, జోయెల్ లీ ఆ వివరాలు ప్రచురించారు. అంటే ఆకుకూర తెచ్చిన చెయ్యి సమ్మతమే, కడిగిన చెయ్యి సమ్మతమే, పొయ్యి మీద పెట్టిన చెయ్యి మాత్రం మైల! ఇంటిపనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒప్పందం చేసింది. దాన్ని భారత ప్రభుత్వం ఇప్పటిదాకా ఆమోదించలేదు. నూనె లేకుండా రుచిగా వండటం ఎట్లాగో పుస్తకాల్లో వెతికే ఇంట్లోనే, ఆ విద్య తెలిసిన మనిషి సింకు దగ్గర నిలబడి ఉంది. ఆమెను అడిగినోళ్లు లేరు. అడిగినా దానికి కూలి లేదు.

జహీరాబాద్ చెప్పిన దారి

దీనికి ఎదురు నిలిచిన అనుభవం హైదరాబాదుకు నూరు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. జహీరాబాద్ దిక్కున పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాని సంఘాల్లో ఎక్కువమంది పేద దళిత స్త్రీలు. పడావు భూములను సాగులోకి తెచ్చి, ఒకే చేన్లో ఎన్నో పంటలు కలిపి వేసిండ్రు. 1990ల మధ్యలో బియ్యం బదులు తమ జొన్నలతోనే సొంత రేషన్ నడిపిండ్రు. సాగు చేయని ఆకుకూరలను పేరుపేరునా గుర్తించి, వండి, పదిమందికి పెట్టి, ఇది కలుపు కాదు తిండి అని చాటిండ్రు. 2008 అక్టోబరులో మాచనూర్‌లో సంఘం రేడియో పెట్టి తమ మాట తామే వినిపించిండ్రు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం వారికి దక్కింది. అక్కడ విజ్ఞానం బతకడానికి కారణం జ్ఞాపకం ఒక్కటే కాదు. కాళ్ల కింద భూమి ఉంది, చేతిలో విత్తనం ఉంది, ఊర్లో సంఘం ఉంది. పుప్పాలగూడలో జ్ఞాపకం ఇంకా ఉంది. మిగతా మూడూ లేవు.

మనం చెయ్యాల్సింది

అందుకే ఈ చరిత్రను వంటల పుస్తకంగా రాసి చేతులు దులుపుకుంటే చాలదు. బళ్లలో పనిచేసే మిత్రులు పిల్లలతో తమ ఇంట్లో తెలిసిన ఆకుల పేర్లు తమ ఇంటి భాషలోనే రాయించవచ్చు. పేరుతో పాటు అది ఏ చేన్లో దొరికింది, ఎవరు ఏరినారు, ఆ రోజు కూలి ఎంత అనేది కూడా రాయించాలె. బడి వంటలో ఎవరు వండుతున్నారో, ఎవరు తినడం లేదో చూడాలె. పరిశోధన చేసే విద్యార్థులు ఆకు గురించి రాస్తే చెప్పిన స్త్రీని 'సమాచారదాత' అని ఒక మూలకు నెట్టకుండా, ఆమె ఒప్పుకుంటే, ఆమె పేరుతోనే ఆ విజ్ఞానాన్ని రాయాలె. కార్యకర్తలు అసైన్డ్ భూముల పోరాటాన్ని, కుంటలూ గట్లూ బంజర్ల వంటి ఉమ్మడి నేల పోరాటాన్ని, ఇంటిపనివాళ్ల కూలి పోరాటాన్ని వేరువేరుగా చూడకుండా ఒక్క తాడుగా పేనాలె. ఈ మూడింటిలోనూ ఉన్నది అదే మనిషి.

ఇంకో ఇరవై ఏండ్లు పోతే తుమ్మికూర చేదు ఎట్లా పోగొట్టాలో తెలిసిన తరం ఉండదు. అప్పుడు ఆ ఆకు ఎక్కడో పొడిగా, మాత్రగా, ఖరీదైన డబ్బాలో తిరిగివస్తుంది. డబ్బా మీద కంపెనీ పేరు ఉంటుంది. ఆ పేరు పడకముందే, ఆ ఆకును కలుపులోంచి కూరగా ఏరిన తల్లుల పేర్లు మనం రాసి పెట్టాలె.